1965 బీటిల్‌కు ఒరిజినల్ విడిభాగాలు: పెట్టె మీది నంబరును ఎంతవరకు నమ్మాలి?

ఎర్ర బీటిల్ (చర్చ మొదలుపెట్టినవారు):

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు చాలా ఏళ్లు నడిపి, ఆ తర్వాత షెడ్డులో ఉండిపోయిన 1965 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను నేను రెండేళ్లుగా బాగుచేసుకుంటున్నాను. నేల రేకుల వెల్డింగు పూర్తయింది. 1192 సీసీ ఇంజనును పూర్తిగా విప్పి, బేరింగులు మార్చి మళ్లీ బిగించాను. ఇక మిగిలింది విడిభాగాల వేట. కుడివైపు ముందు మడ్‌గార్డు, స్పీడోమీటరు, కార్బురేటరు (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది), బ్రేకు వీల్ సిలిండర్లు (చక్రాల దగ్గర బ్రేకులను నెట్టేవి), ముందు అద్దం కావాలి. వీలైనంతవరకు ఈ కారు ఫ్యాక్టరీ నుంచి ఏ రకం భాగాలతో బయటికి వచ్చిందో ఆ రకం భాగాలే వేయాలన్నది నా కోరిక.

ఈ చర్చ మొదలుపెట్టడానికి అసలు కారణం పెట్రోలు పంపు. దశాబ్దాల కిందట తయారై, ఎవరూ వాడకుండా పెట్టెలోనే ఉండిపోయిన సరుకని చెప్పి ఒక అమ్మకందారు నాకొక పంపు ఇచ్చారు. పెట్టె నిజంగానే పాతది. దాని మీద కంపెనీ ముద్ర ఉంది, నంబరు 113 127తో మొదలవుతోంది, లోపల నూనె కాగితంలో చుట్టిన పంపు మీద చిన్న గీత కూడా లేదు. బిగించి రోజూ కాసేపు ఇంజను నడిపాను. నాలుగో రోజున డిప్‌స్టిక్ (ఇంజను ఆయిలు మట్టం చూసే కడ్డీ) తీసి చూస్తే ఆయిలు పై గీత దాటి ఉంది. నేను ఆయిలు పోయలేదు కదా అనుకుంటూ వాసన చూస్తే పెట్రోలు గుప్పుమంది. పంపు పై మూత స్క్రూలు విప్పి చూశాను. పెట్రోలును లాగి తోసే రబ్బరు పొర, అంటే డయాఫ్రం, ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చి ఉంది. వేలితో వంచగానే బట్ట పొర నుంచి రబ్బరు పొట్టులా రాలిపోయింది.

పెట్టె అబద్ధం చెప్పలేదు, నంబరూ అబద్ధం చెప్పలేదు, అయినా భాగం పనికిరాలేదు. మిగిలినవి కొనే ముందు మీ అనుభవం తెలుసుకోవాలనుకుంటున్నాను. ఒరిజినల్ భాగాన్ని గుర్తుపట్టడం ఎలా? ఏ భాగాల విషయంలో ఒరిజినల్ కోసం పట్టుబట్టాలి, ఏ భాగాల విషయంలో ఆ పట్టు వదులుకోవాలి?


రెంచి పట్టిన చేయి:

ఎర్ర బీటిల్ గారూ, ముందు ఆ ఆయిలు మొత్తం తీసేయండి. పెట్రోలు కలిసిన ఆయిలు పలచబడి బేరింగుల మధ్య నిలవదు. కొత్తగా బిగించిన ఇంజనును దానితో ఇంకొక్క నిమిషం కూడా నడపవద్దు. పంపు శరీరాన్ని మాత్రం పారేయవద్దు. మూతను స్క్రూలతో బిగించిన పాత రకం పంపుకు లోపలి డయాఫ్రం, వాల్వులు మార్చుకోవచ్చు. తర్వాతి కాలంలో అంచు మడిచి మూసేసిన పంపులకు ఆ వీలు లేదు. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఒక మంచి పంపు, అందులో ఉన్నది ఒక చెడిపోయిన రబ్బరు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. విడిభాగాల వేట దుకాణంలో మొదలుకాదు, కారులో మొదలవుతుంది. వెనక సీటు ఎత్తితే నేల మధ్యలో ఉబ్బెత్తుగా సాగే సొరంగం మీద చాసిస్ నంబరు గుద్ది ఉంటుంది. అదే నంబరు ముందు డిక్కీలో స్పేర్ చక్రం వెనకున్న ప్లేటు మీద కూడా ఉండాలి. ఆ రెండూ కలుస్తున్నాయో లేదో చూసి, మొదటి మూడు అంకెలు ఇక్కడ రాయండి. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీకి మోడల్ సంవత్సరం జనవరిలో కాక ఆగస్టులో మొదలవుతుంది. కాగితాల్లో 1965 అని ఉన్న కారు 1964 ఆగస్టు నుంచి 1965 జూలై మధ్య తయారైతే 1965 మోడల్, ఆ ఆగస్టు తర్వాత తయారైతే 1966 మోడల్. ఈ తేడా చిన్నది కాదు. 1966 మోడల్‌కు 1285 సీసీ ఇంజను వచ్చింది, ముందు ఇరుసుకు, చక్రాలు పక్కలకు తిరిగే చోట, కింగ్‌పిన్‌ల (నిలువు కడ్డీల) స్థానంలో బాల్ జాయింట్లు (గుండ్రటి కీళ్లు) వచ్చాయి. ఒక్క వేసవి సెలవుల తేడాతో ఫ్యాక్టరీలో కారు సగం మారిపోయింది. రిజిస్ట్రేషన్ కాగితం చూసి భాగాలు కొన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.


ఎర్ర బీటిల్:

రెంచి గారూ, ధన్యవాదాలు. ఆయిలు తీసేశాను. చాసిస్ నంబరు 115తో మొదలవుతోంది. సొరంగం మీద, ప్లేటు మీద రెండు చోట్లా ఒకటే ఉంది.


రెంచి పట్టిన చేయి:

115 అంటే మీది నిస్సందేహంగా 1965 మోడలే. 1964 ఆగస్టు నుంచి వాడిన ఆ తొమ్మిది అంకెల నంబర్లలో మొదటి రెండు అంకెలు కారు రకాన్ని, మూడోది మోడల్ సంవత్సరాన్ని చెబుతాయి. రెండు నంబర్లు కలిసినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. మీరు బాగుచేస్తున్నది రెండు కార్లను అతికించిన బండి కాదన్నమాట. ఒకసారి హ్యాండ్‌బ్రేకు పక్కన చూడండి. హీటరుకు తిప్పే గుండ్రటి పిడి కాక, రెండు వైపులా రెండు లీవర్లు ఉండాలి. అవి కూడా ఆ ఏడాదే వచ్చాయి. ఉంటే లోపలి భాగాలను కూడా ఎవరూ మార్చలేదని కొంత ధైర్యం తెచ్చుకోవచ్చు.


పాత రికార్డు:

రెంచి గారు చెప్పినదానికి కాగితాల వైపు నుంచి కొంత కలుపుతాను. వోల్ఫ్స్‌బుర్గ్‌లోని ఫోక్స్‌వ్యాగన్ ఆటోమ్యూజియం సంస్థ చాసిస్ నంబరు ఆధారంగా పాత కార్లకు జన్మ పత్రం లాంటి ధ్రువపత్రం ఇస్తుంది. కారు ఏ తేదీన తయారైంది, ఏ రంగు వేశారు, లోపలి సీట్ల బట్ట ఏమిటి, ఏ దేశానికి పంపారు అన్నవి అందులో ఉంటాయి. తయారీ తేదీ తెలిస్తే ప్రతి భాగం మీది తేదీని దానితో పోల్చుకోవచ్చు. మీ కారు ఇప్పుడున్న ఎరుపు అసలు రంగేనా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

భాగాల సంఖ్య విషయానికొస్తే, దాన్ని మూడేసి అంకెల మూడు ముక్కలుగా చదవడం అలవాటు చేసుకోండి. మొదటి ముక్క ఆ భాగాన్ని మొదట ఏ మోడల్ కోసం రూపొందించారో చెబుతుంది. రెండో ముక్క భాగం ఏ విభాగానిదో చెబుతుంది. అందులో మొదటి అంకె 1 అయితే ఇంజను, 3 అయితే గేరుబాక్సు, 6 అయితే చక్రాలు, బ్రేకులు, 8 అయితే బాడీ, 9 అయితే విద్యుత్తు. మీ పంపు మీద చూసిన 127 ఇంజను విభాగంలో పెట్రోలు పంపు. అలాగే 129 కార్బురేటరు, 611 బ్రేకు హైడ్రాలిక్ భాగాలు, 905 డిస్ట్రిబ్యూటరు (స్పార్కు ప్లగ్గులకు విద్యుత్తు పంచేది), 957 స్పీడోమీటరు. మూడో ముక్క నిర్దిష్టమైన భాగం. ఎడమ, కుడి వేరువేరుగా ఉండే భాగాలకు అందులో చివరి అంకె బేసి అయితే ఎడమవైపు భాగం, సరి అయితే కుడివైపు భాగం. ముందు మడ్‌గార్డులకు 821 021 ఎడమ, 821 022 కుడి. చివరన ఉండే అక్షరం మార్పుల క్రమాన్ని చెబుతుంది, అసలు చిక్కంతా అక్కడే ఉంది. తొమ్మిది అంకెలు కలిసి, చివరి అక్షరం వేరైతే ఆ భాగం మీ కారుకు సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. ఏ అక్షరం ఏ చాసిస్ నంబరు నుంచి మొదలైందో ఫ్యాక్టరీ విడిభాగాల పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం సంపాదించకుండా ఏదీ కొనవద్దని నా మనవి.

మొదటి మూడు అంకెలు బీటిల్‌వి కాకపోతే కంగారు పడనక్కరలేదు. వ్యాను కోసం మొదట రూపొందించిన భాగం 211తో మొదలవుతుంది, అదే భాగాన్ని బీటిల్‌లోనూ బిగించిన సందర్భాలున్నాయి. ఇది తెలియక మంచి భాగాన్ని తిప్పి పంపినవాళ్లను చూశాను.


తుప్పుతో పోరు:

నా పని రేకు పని కాబట్టి మడ్‌గార్డు గురించి మాత్రమే మాట్లాడతాను, కానీ కొంచెం విస్తారంగా మాట్లాడతాను.

బీటిల్ మడ్‌గార్డు బోల్టులతో బిగించేది కాబట్టి మార్చడం తేలిక. ఆ తేలికే దాని శాపం కూడా. దెబ్బ తగిలితే తీసి పారేసి కొత్తది వేయడం అందరికీ అలవాటైంది, అసలు మడ్‌గార్డులు అలా పోయాయి. మీ కారుకు కావలసినది హెడ్‌లైటు వెనక్కి వాలి ఉండే పాత రకం. 1967 ఆగస్టు తర్వాత నిటారు హెడ్‌లైటు రకం వచ్చింది, అమెరికాకు వెళ్లిన కార్లకు అంతకు ఒక ఏడాది ముందే వచ్చింది. కాబట్టి అమెరికా నుంచి వచ్చిన 1967 మడ్‌గార్డును చూసి పాత రకమే అనుకోవద్దు. వాలు రకంలో కూడా ఇండికేటరు బిగించే చోటు చూడండి. 1964 మోడల్‌తో ఇండికేటరు వెడల్పు పెరిగింది. అంతకు ముందరి సన్నటి ఇండికేటరు కోసం చేసిన మడ్‌గార్డు తెస్తే రంధ్రాలు కలవవు.

ఒరిజినల్ రేకును గుర్తుపట్టడానికి లోపలివైపు చూడాలి. పైవైపు రంగు, పుట్టీ ఎంతైనా దాచగలవు. లోపలి అంచున వలయంలో ఫోక్స్‌వ్యాగన్ ముద్ర గుద్ది ఉండాలి. నకళ్లలోనూ ముద్ర వేసేవాళ్లున్నారు, అయితే నకలు ముద్ర తరచూ లోతు తక్కువగా, అంచులు మొద్దుగా ఉంటుంది. అంతకన్నా నమ్మదగినది హెడ్‌లైటు గిన్నె కూర్చునే అంచు. ఒరిజినల్ రేకులో ఆ అంచు ఒకే లోతులో గుండ్రంగా సాగుతుంది, వేలితో చుట్టూ తడిమితే ఎక్కడా తట్టదు. నకళ్లలో కింది భాగం దగ్గర చిన్న మెలిక తగులుతుంది, హెడ్‌లైటు రింగు బిగించాక ఒకవైపు సందు కనబడేది దానివల్లే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సొట్టలు పడిన, అంచు కొంత తుప్పు పట్టిన ఒరిజినల్ మడ్‌గార్డు, మెరిసే కొత్త నకలు కన్నా మేలు. సొట్ట తీయవచ్చు, తుప్పు పట్టిన ముక్క కోసి కొత్త ముక్క వెల్డు చేయవచ్చు, కానీ వంపే తప్పుగా ఉన్న రేకును ఎంత పుట్టీ పెట్టినా సరిచేయలేము. కొనే ముందు ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి బట్టలో చుట్టి మడ్‌గార్డు అంతటా జరిపి చూడండి. పట్టు తగ్గిన చోట పుట్టీ మందంగా ఉందని అర్థం.


నీలి కూపే:

నేను ఈ వేదికకు కొత్త. నాది వేరే కారు, కానీ సమస్య ఇదే కాబట్టి అడుగుతున్నాను. బీటిల్ సెడాన్ తయారీ జర్మనీలో 1978లో ఆగినా మెక్సికోలో 2003 జూలై 30 వరకు సాగిందని చదివాను. మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. అంటే ఈ కారుకు కంపెనీ పెట్టెలో వచ్చే భాగాలు మొన్నమొన్నటి వరకు తయారైనట్టే కదా? మెక్సికోలో, బ్రెజిల్‌లో తయారై ఫోక్స్‌వ్యాగన్ ముద్రతో వచ్చిన భాగం ఒరిజినల్ కాదని ఎలా అంటాం? ఎర్ర బీటిల్ గారు ముప్పై ఏళ్లు పెట్టెలో మగ్గిన సరుకు కోసం వెతకడం కన్నా అది కొనుక్కోవడం సులువు కదా?


పాత రికార్డు:

నీలి కూపే గారూ, మంచి ప్రశ్న. కంపెనీ భాగం వేరు, ఈ కారు భాగం వేరు. మెక్సికో భాగం కంపెనీ భాగమే, అందులో సందేహం లేదు. కానీ అది ఏ సంవత్సరపు కారు కోసం చేశారన్నది ప్రశ్న. ఉదాహరణకు ముందు అద్దం తీసుకోండి. 1965 మోడల్‌తో జర్మనీలో అద్దాలన్నీ పెద్దవయ్యాయి, ముందు అద్దానికి స్వల్పంగా వంపు కూడా వచ్చింది. బ్రెజిల్ ఫ్యాక్టరీ మాత్రం చివరి వరకు పాత చిన్న కిటికీల బాడీనే తయారుచేసింది. కాబట్టి 1980ల నాటి బ్రెజిల్ అద్దం 1964 జర్మన్ కారుకు దగ్గర, ఎర్ర బీటిల్ గారి 1965 కారుకు దూరం. ఇరవై ఏళ్ల తర్వాత తయారైన అద్దం ఒక ఏడాది ముందటి కారుకు సరిపోతుంది, ఈ కారుకు సరిపోదు. అందుకే తయారైన సంవత్సరం చూసి దగ్గర, దూరం నిర్ణయించకూడదు.


రెంచి పట్టిన చేయి:

పాత రికార్డు గారితో ఒక విషయంలో కొంత విభేదిస్తాను. అద్దం, మడ్‌గార్డు విషయంలో వారి మాట అక్షరాలా నిజం. కానీ బేరింగు, ఆయిలు సీలు, క్లచ్ ప్లేటు వంటి లోపలి భాగాల విషయంలో కొలత కలిస్తే ఎక్కడ తయారైనా నేను నిశ్చింతగా వేస్తాను. బేరింగుకు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు ఉంటాయి, వెర్నియర్‌తో కొలిచి చూసుకుంటే చాలు. పేరున్న బేరింగు కంపెనీ నిన్న తయారుచేసిన బేరింగు, నలభై ఏళ్లు గ్రీజు గట్టిపడి పెట్టెలో పడి ఉన్న ఒరిజినల్ బేరింగు కన్నా ఎప్పుడూ మేలు. కంటికి కనబడే చోట పాతదనాన్ని వెతకండి. తిరిగే చోట, ఒత్తిడి పడే చోట కొలతను, నాణ్యతను వెతకండి.

బ్రేకుల విషయంలో మాత్రం నాకు రాజీ లేదు. పెట్టెలో మిగిలిపోయిన పాత వీల్ సిలిండరు ఎంత మెరుస్తున్నా లోపలి రబ్బరు కప్పులు గట్టిపడి ఉంటాయి. పోత ఇనుప గోడ మీద, కప్పు అంచు ఇన్నేళ్లు ఆనుకున్న చోట ఒక సన్నటి తుప్పు గీత పడి ఉంటుంది. లైటు వేసి లోపలికి చూస్తే ఆ గీత కనబడుతుంది, గోరు జరిపితే తగులుతుంది. దాని మీదుగా కొత్త కప్పు జరిగిన ప్రతిసారీ అంచు కొద్దికొద్దిగా కోసుకుపోతుంది. ఒరిజినల్ సిలిండరే కావాలంటే లోపల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దించి, అసలు వ్యాసానికి బోరు చేయించి, కొత్త కప్పులు వేయించండి. బయటికి పాతదే కనబడుతుంది, లోపల కొత్తది పనిచేస్తుంది. రబ్బరు గొట్టాలు మాత్రం ఈ మధ్య తయారైనవే వేయాలి, దీనికి మినహాయింపు లేదు.

ఇంకొక ముఖ్యమైన మాట. పాత సరుకు బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లు, గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. వాటిని ఉప్పుకాగితంతో రుద్దవద్దు, గాలి గొట్టంతో ఊదవద్దు. ఈ ఒక్క విషయంలో ఒరిజినల్ అన్న మాటే మరిచిపోండి.


ఆరు వోల్టులు:

కార్బురేటరు మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుకుంటాను. 1965 మోడల్ 1192 సీసీ ఇంజనుకు ఉండాల్సింది సోలెక్స్ 28 పిక్ట్-1. పేరు కార్బురేటరు శరీరం మీదే పోతలో ఉంటుంది, అందులోని 28 లోపలి గొంతు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. 1966, 1967 కార్లలోని 30 పిక్ట్-1 దీనికి అన్నలా కనబడుతుంది, చాలామంది దాన్నే అంటగడతారు.

28 పిక్ట్-1 కొనేటప్పుడు రెండు చోట్ల చూడండి. మొదటిది థ్రాటిల్ ఇరుసు, అంటే యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకునే రేకును తిప్పే కడ్డీ. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదపండి. టక్ టక్ మని ఆడితే, ఇరుసు చుట్టూ గాలి లోపలికి పోతుంది, ఇంజను ఐడిలింగ్‌లో ఎప్పటికీ కుదురుగా నిలవదు. అలా ఆడుతున్నా పారేయనక్కరలేదు, మంచి లేత్ పనివాడు రంధ్రాన్ని సరిచేసి ఇత్తడి బుష్‌లు దించగలడు. రెండోది ఆటోమేటిక్ చోక్‌ను (ఇంజను చల్లగా ఉన్నప్పుడు గాలిని తగ్గించే మూతను) వేడిచేసే గుండ్రటి ముక్క. దాని మీద 6 వోల్టులా, 12 వోల్టులా అన్నది రాసి ఉంటుంది. మీది 6 వోల్టుల కారు. అందులో 12 వోల్టుల ముక్క వేస్తే అది సరిగా వేడెక్కదు, చోక్ చాలాసేపు మూసుకునే ఉంటుంది, పొగ గొట్టం నల్లగా కక్కుతుంది. జెట్టులు మార్చి, ఫ్లోటు మార్చి అలసిపోయిన తర్వాత ఈ చిన్న ముక్క దగ్గరికి వచ్చినవాళ్లను ఎందరినో చూశాను.

కార్బురేటరు గురించి మాట్లాడితే డిస్ట్రిబ్యూటరు గురించి మాట్లాడక తప్పదు, ఎందుకంటే ఆ రెండూ జంట. మీ ఇంజనులో స్పార్కు సమయాన్ని ముందుకు జరిపేది కేవలం వాక్యూమ్, అంటే ఇంజను గాలి పీల్చే లాగుడు. కార్బురేటరు నుంచి వచ్చే సన్నటి గొట్టం డిస్ట్రిబ్యూటరు పక్కనున్న డబ్బీలోని డయాఫ్రంను లాగుతుంది. చాలా కార్లలో ఆ డబ్బీ చెడిపోగానే తీసేసి, బరువుల మీద పనిచేసే 009 రకం డిస్ట్రిబ్యూటరు బిగించారు. అది మంచి వస్తువే, కానీ ఈ కార్బురేటరుకు జంట కాదు. యాక్సిలరేటరు తొక్కగానే బండి ఒక్క క్షణం తడబడుతుంది. మీ కారులో ఇప్పుడున్నది ఏదో చూడండి. వాక్యూమ్ రకమైతే డబ్బీ గొట్టాన్ని నోటితో పీల్చి, నాలుకతో మూసి పట్టుకోండి. లోపలి ప్లేటు జరిగి అక్కడే నిలిస్తే డయాఫ్రం బాగున్నట్టు, వెంటనే వెనక్కి వస్తే చిరిగినట్టు.

స్పీడోమీటరు విషయంలో కంగారు అవసరం లేదు. వీడీఓ కంపెనీ మీటర్ల మీద తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మీ జన్మ పత్రంలోని తేదీకి ఒకటి రెండు నెలల ముందటి మీటరు దొరికితే అదృష్టమే. పెట్రోలు గేజీ దాని పక్కనే విడిగా, కేబులుతో నడిచేది ఉండాలి. 1968 మోడల్ నుంచి గేజీని స్పీడోమీటరులోనే కలిపేశారు కాబట్టి, లోపల గేజీ ఉన్న మీటరు ఎవరైనా చూపిస్తే అది మీది కాదు. కిలోమీటర్ల అంకెలు తిరగకపోయినా భయపడవద్దు. చాలాసార్లు లోపలి చిన్న పళ్ల చక్రం ఇరుసు మీద పట్టు తప్పి ఉంటుంది, అది బాగయ్యే జబ్బే.


నీలి కూపే:

పాత రికార్డు గారికీ, రెంచి గారికీ ధన్యవాదాలు. నా కారు చాలా తక్కువ సంఖ్యలో తయారైంది, కొన్ని భాగాలు ఎక్కడా లేవు. పోర్షే కంపెనీ 959 కారు క్లచ్ రిలీజ్ లీవరును 3డీ ప్రింటింగ్‌తో ఉక్కులో తయారుచేసి ఇస్తోందని చదివాను. ఆ కార్లు 292 మాత్రమే తయారయ్యాయట. కంపెనీయే ఇలా ముద్రించిన భాగాన్ని మీరు ఏమంటారు?


తుప్పుతో పోరు:

నా దృష్టిలో అది ఒరిజినల్‌కు అర్హమైన వారసుడు. అసలు నమూనా గీసిన సంస్థే, ఆ కొలతల ప్రకారమే, పరీక్షించి ఇస్తోంది. మనలాంటివాళ్లం మీటర్ల పిడులు, స్విచ్చుల బొత్తాలు, దీపాల గాజు చుట్టూ ఉండే ప్లాస్టిక్ రింగుల వంటి వాటికి ఆ పద్ధతి వాడుకోవచ్చు. ఉన్న ఒక్క ముక్క నుంచి సిలికాన్ అచ్చు తీసి రెసిన్ పోసినా సరిపోతుంది. అయితే అచ్చు తీసిన ముక్క చల్లారాక కొంచెం కుంచించుకుపోతుంది, ఆ మేర ముందే లెక్కవేసుకోవాలి. స్టీరింగు, బ్రేకు భాగాలను మాత్రం ఎవరూ ఇంట్లో ముద్రించుకోవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.


ఎర్ర బీటిల్:

ఆరు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మీరందరూ చెప్పినట్టే చేశాను, ఫలితం చెప్పడం నా బాధ్యత.

హ్యాండ్‌బ్రేకుకు రెండు వైపులా లీవర్లు ఉన్నాయి. జన్మ పత్రం ఇంకా రాలేదు. విడిభాగాల పుస్తకం దొరికింది, ఇప్పుడు రాత్రుళ్లు పడుకునే ముందు దాన్నే తిరగేస్తున్నాను. పంపుకు కొత్త డయాఫ్రం, వాల్వులు వేశాను. వారం రోజులుగా డిప్‌స్టిక్ మీద ఆయిలు కదలకుండా ఒకేచోట ఉంది, వాసన లేదు. పెట్రోలు గొట్టాలన్నీ కూడా మార్చేశాను, ఎందుకంటే పాత అల్లిక గొట్టాన్ని వంచి చూస్తే అది కూడా ఆ డయాఫ్రంలాగే పగిలింది.

కార్బురేటర్లు మూడు చూశాను. మొదటిది 30 పిక్ట్-1, దాన్ని 28 అని చెప్పి అమ్మజూపారు. పోతలోని అక్షరాల మీద మట్టి తుడిచి చూపిస్తే అమ్మకందారు కూడా ఆశ్చర్యపోయారు, ఆయనకూ నిజంగా తెలియదు. రెండోదానికి ఇరుసు ఊగిపోతోంది. మూడోది తీసుకున్నాను. ఇరుసు కొద్దిగానే ఆడుతోంది, బుష్‌లు వేయించడానికి ఇచ్చాను. చోక్ ముక్క మీద 12 అని ఉంది. ఆరు వోల్టులు గారు ముందే హెచ్చరించి ఉండకపోతే నేను దాన్ని చూసేవాడినే కాదు. నా పాత కార్బురేటరులోని 6 వోల్టుల ముక్కను దానికి మార్చాను. డిస్ట్రిబ్యూటరు వాక్యూమ్ రకమే, డబ్బీని పీల్చి చూస్తే ప్లేటు జరిగి నిలిచింది. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికి వివరించినా అర్థం కాలేదు, ఇక్కడ అర్థమవుతుందని రాస్తున్నాను.

వీల్ సిలిండర్లు నాలుగింటికీ గొట్టాలు దింపిస్తున్నాను. మడ్‌గార్డు విషయంలో ఒక ఇబ్బంది వచ్చింది. అంచు తుప్పు పట్టిన ఒరిజినల్ ఒకటి దొరికింది, ముద్ర ఉంది, హెడ్‌లైటు అంచు నునుపుగా ఉంది, ఇండికేటరు రంధ్రాలు కలిశాయి. కానీ బిగించి చూస్తే రన్నింగ్ బోర్డు (తలుపు కింది మెట్టు) దగ్గర ఒక బోల్టు రంధ్రం అర అంగుళం దాకా తప్పుతోంది. రంధ్రాన్ని సాగదీయమంటారా?


తుప్పుతో పోరు:

వద్దు, దయచేసి రంధ్రాన్ని ముట్టుకోవద్దు. ఒరిజినల్ రేకు అర అంగుళం తప్పిందంటే, తప్పు రేకుది కాకపోవచ్చు. మీరు నేల రేకులు వెల్డు చేశారన్నారు. వెల్డింగు వేడికి అంచు లాక్కుపోయి, రన్నింగ్ బోర్డు బిగించే చోటు పక్కకు జరిగి ఉంటుంది. మడ్‌గార్డు బోల్టులన్నీ వదులుగా ఉంచి, మొదట హెడ్‌లైటు వైపు, డిక్కీ మూత వైపు సందులు సమంగా కుదిరేలా నిలబెట్టండి. ఆ తర్వాత రన్నింగ్ బోర్డు పూర్తిగా తీసేసి ఆ రంధ్రం ఎక్కడుందో చూడండి. ఎడమవైపు కూడా అవే దూరాలు కొలిచి పోల్చండి.


ఎర్ర బీటిల్:

మీరు చెప్పింది నిజమైంది. రన్నింగ్ బోర్డు తీసేశాక మడ్‌గార్డు సందులన్నీ చక్కగా కుదిరాయి. ఎడమవైపుతో పోలిస్తే కుడివైపు నేల అంచు పదకొండు మిల్లీమీటర్లు లోపలికి జరిగి ఉంది. అది నేను చేసిన వెల్డింగే. ఆదివారం ఆ అతుకు కోసి మళ్లీ పెడతాను.

ముందు అద్దం ఇంకా దొరకలేదు. పాత అద్దం పగిలినా ముక్కలన్నీ దాచి ఉంచాను కాబట్టి, కింది అంచు పొడవు, మధ్యలో ఎత్తు, వంపు లోతు కొలిచి రేపు ఇక్కడ రాస్తాను. ఎవరి దగ్గరైనా 1965 నుంచి వచ్చిన పెద్ద అద్దం ఉంటే, దాని మూలనున్న ముద్ర ఫోటో తీసి పెట్టగలరా?


ఆరు వోల్టులు:

నా దగ్గర ఒకటి ఉంది, మూలన సెక్యురిట్ అనే గాజు బ్రాండు ముద్ర ఉంది. కింద ఎడమవైపు ఒక గీత పడింది, డ్రైవరు చూపుకు అడ్డం రాదు. రేపు పగటి వెలుతురులో ఫోటోలు తీసి పెడతాను. మీ కొలతలు రాయండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.